నురగ అణిగేదాకా

రాజారత్నం ఆ సీసాను తుండుగుడ్డలో చుట్టి, పురిటి బిడ్డను తెచ్చినట్టు రెండు చేతులా పట్టుకొచ్చి టేబులు మీద పెట్టేటప్పటికి వసంతమ్మకు నవ్వొచ్చింది. ఎవరి కంట పడకూడదని ఆ గుడ్డ? ఫ్యామిలీ రూము అని పేరు పెట్టిన ఈ గూట్లో ఆమె తప్ప ఎవరున్నారు? మూడు పక్కలా చెక్క, నాలుగో పక్క కూర మరకల తెర, నెత్తిన గరగరమనే ఫ్యాను. తెర అవతల చిత్తూరు కోర్టు చుట్టుపక్కల మగాళ్ళంతా, వాయిదాలకొచ్చినవాళ్ళూ వాయిదాలు వేయించేవాళ్ళూ, పట్టపగలు గ్లాసులు ముందేసుకుని కూర్చున్నారు. వాళ్ళకు తెర లేదు. తెర ఈమెకు. పెరుగన్నం తినే ఆడమనిషికి తెర కట్టి, తాగే మగాడికి కిటికీ పక్కన కుర్చీ వేసే బుద్ధి ఎవడిదోగానీ, వాడు ఎదురుపడితే రెండు మాటలు అడగాలి. అడగాల్సినవి ఈరోజు ఆమె దగ్గర చాలా ఉన్నాయి. అడిగే పని మాత్రం వాళ్ళది. భోజనాల వేళ దాటి కోర్టు మళ్ళీ కూర్చోగానే, వసంతమ్మ, భర్త కుప్పయ్య, అని పిలుస్తారు, బోనెక్కమంటారు, ఐరాల దగ్గర నీ గానుగలో వండిన నల్లబెల్లం సారా కాచేవాళ్ళకు అమ్మినావంట, నేరం ఒప్పుకుంటావా అంటారు. ఒప్పుకున్నానంటే జరిమానా, సాయంత్రం బస్సు, ఇల్లు. ఒప్పుకోనంటే ఏళ్ళ తరబడి వాయిదాలు, ఓడితే జైలు. పొద్దున బస్సు దిగినప్పటి నుంచీ ఒప్పుకో అత్తా, ఒప్పుకో అత్తా అని చెవిలో రొద పెడుతున్నాడు గుణశేఖర్, ఆమె తమ్ముడి కొడుకు, ఈ కేసుకు ఆమె ప్లీడరు. మంచివాడే. మంచివాళ్ళతోనే చిక్కు. ఈడైతే ఫ్యానుండాది, నిదానంగా ఆలోచించుకో అని కూర్చోబెట్టి, పెరుగన్నం చెప్పి, గవర్నమెంటు ప్లీడరుతో ఒక మాట అనుకుని వస్తానని పోయాడు. ఆలోచించుకో అంటే ఒప్పుకో అనే.

ఆలోచించుకుంటూనే ఉంది ఆమె, తెర సందులోంచి చూపు పోయి కౌంటరు వెనక అద్దాల బీరువా మీద పడేదాకా. లోపల సీసాలన్నీ పసుపుగా, బంగారు రంగుగా, లైటు పడి తళతళలాడుతున్నాయి, పెళ్ళిలో ముందు వరసలో కూర్చున్న అమ్మలక్కల్లాగా. కింది అరలో, ఒక మూలకు, నాలుగైదు నల్లసీసాలు. దుమ్ము పట్టి, చీటీ గోడవైపు తిరిగి. వాటిని చూడగానే పాకలో తన నల్లబెల్లం దిమ్మలు గుర్తొచ్చాయి. గిన్నె తీసుకుపోవడానికొచ్చిన రాజారత్నాన్ని అడిగింది. తల నెరిసిన మనిషి, ఎప్పుడో అరవ పక్క గుడియాత్తం నుంచి వచ్చి ఈ ఊళ్ళోనే వడ్డించి వడ్డించి ముసలివాడైనవాడు.

"ఏంది నాయనా ఆ నల్లవి?"

"అది స్టౌటుమా. బీరే, గానీ నల్లబీరు. బెంగుళూరు సరుకు. కంపెనీవోడు అంటగట్టి పోయినాడు. యెవురూ అడగరు."

"ఏం, బాగుండదా?"

"బాగుండాదో లేదో యెవురు తాగి సూసినారు? నల్లగా ఉండాది గదా, సూస్తానే వొద్దంటారు."

"అయితే ఒకటి తే."

"యెవురికి, ప్లీడరయ్యకా?"

"నాకే. ఏం, నేను మాత్రం తెల్లగా ఉండానా?"

అలా వచ్చింది ఈ సీసా. ఐసులో పెట్టలేదుమా, అడిగేవాళ్ళు లేక ఉత్తదే పెట్టినాము అని గొణుగుతూ రాజారత్నం మూత తీసి గ్లాసు వంచి పోశాడు. కారుతుంటే ఆముదంలా ఉంది, నిండుతుంటే కాఫీ డికాషనులా ఉంది, నిండాక దేనిలాగానూ లేదు, వెలుతురును అలాగే మింగి కూర్చుంది. పైన నురగ. తెల్ల నురగ కాదు, గోధుమ రంగు, దట్టంగా, నిదానంగా పైకి లేస్తోంది, గ్లాసు అంచు దాటి పొంగబోతోంది. వసంతమ్మ చెయ్యి తనంతట తనే కదిలి టేబులు మీద దేనికోసమో వెతికింది. ఆముదం సీసా కోసం. పెనంలో చెరకురసం ఇలాగే పొంగుకొస్తుంది, ఇదే రంగులో, అప్పుడు రెండు చుక్కలు ఆముదం చిలకరిస్తే చప్పున అణుగుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆమె చేతికి వచ్చిన మొదటి పని అదే, పొంగు చూసి ఆముదం చల్లడం. కుప్పయ్య తెడ్డు పట్టుకుని పెనానికి అవతల, తాను సీసా పట్టుకుని ఇవతల, మధ్యలో ఆవిరి, ఒకరి మొహం ఒకరికి కనపడదు, మాట మాత్రం వినపడుతుంది. యేయ్ మే, నిద్రపోతాండావా, పొంగింది సూడు! ఇద్దరూ మొగుడూ పెళ్ళాలుగా మాట్లాడుకోవడం నేర్చింది ఆ ఆవిరిలోనే. రాజారత్నం గ్లాసు ముందుకు జరిపితే, ఆగు, నురగ అణగనీ అంది. ఇది పొయ్యి మీద పాకం కాదుమా అన్నాడు అతను. నాకు తెలుసులే అంది, అని, అంతటితో ఊరుకోక, రెండు వేళ్ళు గ్లాసులో ముంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ నల్లనీళ్ళు లాగి చూసింది, తీగ వస్తుందేమోనని. రాలేదు. వేళ్ళు అంటుకుని విడిపోయాయి. రాజారత్నం నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వాడు, భుజాలు ఎగిరెగిరి పడేలా. నవ్వుకోనీ. వేళ్ళతో చూడని వస్తువును ఆమె ఇంతవరకూ నోట్లో పెట్టుకోలేదు.

మొదటి గుటక. చేదు. చీ అనిపించే చేదు కాదు, అడుగంటిన పాకం చేదు. రాగిసంకటి కుండ అడుగున మాడి పెచ్చుకట్టిన గోకు ఉంటుందే, అమ్మ గోకి గోకి పెడితే అన్నదమ్ములు కొట్టుకునే గోకు, అది. ఆ వెనక కాఫీ. ఆ వెనక, చాలా వెనక, ఎవరో ఇంట్లో ఉండీ పలకనట్టు, కొంచెం తీపి. గుటక దిగిపోయింది, రుచి దిగలేదు. నాలుక వెనక కూర్చుంది. బరువుగా, అంబలి తాగినట్టు. గంజిలాగా కడుపుకు ఆనుతోంది. ఇంత సరుకును ఎవరూ అడగరంట! రెండో గుటకకు చేదు వెనక్కు తగ్గి తీపి తలుపు తీసింది. ఐసులో పెట్టి ఉంటే ఇదంతా చచ్చి ఉండేది, వేడి బెల్లం దిమ్మను ఆరనివ్వకుండా నీళ్ళలో వేస్తే రుచి చచ్చినట్టు. దేనితో చేస్తారు నాయనా దీన్ని, అంటే, బార్లీ గింజలు మొలకెత్తించి, ఎండబెట్టి, మాడ్చి చేస్తారంటమా, ఆ కంపెనీవోడు సెప్పినాడు అన్నాడు. మాడ్చి! అంటే ఎవడో కూర్చుని మాడ్చాడు. మాడిపోనివ్వలేదు, మాడ్చాడు. ఆ రెంటి మధ్యా ఎంత ఉంటుందో వసంతమ్మకు తెలుసు, రెప్ప పాటు. ఆ రెప్ప పాటు పట్టుకోవడానికే కుప్పయ్య పెనం దగ్గర కళ్ళు వాచిపోయేలా నిలబడేవాడు. కుప్పయ్యకు ఇది ఒక గుక్క ఇచ్చి ఉంటే. ఇచ్చి ఉంటే ఏమనేవాడు? ఏమనేవాడో ఆమెకు బాగా తెలుసు, తెలుసు కాబట్టే గ్లాసు కింద పెట్టింది.

రుచి సూడకుండానే పారబోసినావు గదే. ఆ మాట అనేవాడు. అన్నాడు కూడా, తొంభై రెండులో, నెల్లూరు వైపు ఆడవాళ్ళు లేచారని విని ఈ పక్క ఊళ్ళూ లేచినప్పుడు, పక్క గానుగ చెంగమ్మా తానూ ముందు నిలబడి సారా కొట్టు గుంజలు పీకి, కుండలూ పాకెట్లూ నడివీధిలో వేసి తొక్కినప్పుడు. ఇంటికొచ్చి, పాకలో గడ్డి కింద కుప్పయ్య దాచుకున్న సీసా కూడా తీసి పెరట్లో వంపింది. అతను అరవలేదు, కొట్టలేదు. వాసానికేసి చూపించాడు. గానుగ పాక వాసానికి కాటా బోర్లించి కట్టి ఉంటుంది, వాళ్ళ మామ నాడు పెట్టిన ఆచారం. సీజన్లో మొదటి దిమ్మ ఆరగానే పగలగొట్టి, కూలోళ్ళూ బండివాడూ దారిన పోయేవాడూ అందరూ తలా ఒక ముక్క నోట్లో వేసుకోవాలి, అప్పటిదాకా కాటా విప్పకూడదు. రుచి తెలియంది తూచేదెట్లా అనేవాడు మామ. ఆ కాటా చూపించి కుప్పయ్య, నువ్వు రుచి సూడకుండానే పారబోసినావు గదే అన్నాడు, అంతే, ఆ తరవాత చచ్చేదాకా సారా ముట్టలేదు, ఆ మాటా మళ్ళీ అనలేదు.  దానికి జవాబు ఆమెకు ఇప్పుడు, ఇక్కడ, ఈ చేదు నాలుక మీద ఉండగా తోస్తోంది. నేను పారబోసింది రుచిని కాదయ్యా. కూలి చేతిలో పడకముందే మగాణ్ణి కొట్టు ముందు నిలబెట్టిన ఏర్పాటును పారబోసినాను. పాకెట్టు బాగుంటే మాత్రం? తేనెలా ఉన్నా పారబోసేదాన్నే. రేపు మళ్ళీ ఆ కొట్టు పెట్టమను, రేపే మళ్ళీ పీకుతా. రుచిది కాదు తప్పు, నలుపుది అసలే కాదు. అయినా నువ్వన్నదాంట్లో ఒకటి నిజం, చూడలేదు. ఇదిగో ఇప్పుడు చూస్తున్నా. చాలా? ఆమె గ్లాసు ఎత్తి, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు కొంచెం చూపించి, మూడో గుక్క పెద్దదిగా తాగింది. చెవులు వెచ్చబడ్డాయి.

మరి పీకిన కొట్లు ఏమయ్యాయి? సారా పోయింది, ఆ తరవాత మొత్తం మద్యమే పోయిందన్నారు, ఊరూరా ఆడవాళ్ళకు దండలు వేశారు, రెండేళ్ళు తిరిగీ తిరక్కముందే ఆ నిషేధం ఎత్తేశారు, సీసాలు మళ్ళీ వచ్చాయి, ఈసారి లైట్లతో, బోర్డులతో, అద్దాల బీరువాల్లో, తెరల గూళ్ళతో. సారా మాత్రం రాలేదు, అది పేదవాడిది. దాన్ని కొండల్లోకి తరిమారు. కొండల్లో కాచేవాళ్ళను పట్టుకోలేక కింద బెల్లం వండేవాళ్ళను పట్టుకున్నారు. పరుగెత్తేవాడి కంటే పెనం దగ్గర నిలబడినవాళ్ళు సులువుగా దొరుకుతారు గదా! ఆరోజు జీపు దిగిన ఎక్సైజువాళ్ళు నలుగురూ పాకలోకి వచ్చి దిమ్మలు చూసి, ఇంత నల్లగా ఎందుకుందమ్మా అన్నారు. ఎందుకంటే పొడి వెయ్యలేదు కాబట్టి. అందరూ వేస్తారు, ఆ తెల్లపొడి, హైడ్రోసు, గుప్పెడు చల్లితే పాకం పాలమాదిరి తెలుపెక్కుతుంది, మండీలో ఎగబడి వేలం పాడుకుంటారు. అది చల్లిన నీళ్ళు పోసిన చోట గడ్డి మొలవదు. వసంతమ్మ బెండ కట్టెల జిగురుతోనే మడ్డి తీస్తుంది, వాళ్ళ అత్త తీసినట్టే. బోరు నీళ్ళు ఉప్పన, నేల నల్లన, బెల్లం నల్లన. బాలింతలకు పెట్టే కాయం మందుకూ, పాలిచ్చే ఆవుకూ ఆ బెల్లమే వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోతారు. మండీలో పడిన దిమ్మ ఆ తరవాత యాడికి పోతుందో ఎవరు వెనకాలే నడిచి చూస్తారు? ఇక్కడ సీసాలు అమ్మేవాణ్ణి, నీ సీసా తాగినవాడు ఇంటికి పోయి ఎవరిని కొట్టాడురా అని ఎవరైనా అడిగారా? తెల్లపొడి కలిపినవాడిది ఆహారం. కలపనిదానిది సారా సరుకు. ఇదీ లెక్క. ఆమె ఒక ముక్క విరిచి, నోట్లో ఏసుకో సారూ, ముందు సూడు, అని చెయ్యి చాచింది. వాళ్ళలో పెద్దమనిషి రెండు చేతులూ వెనక్కు పెట్టుకున్నాడు, నిప్పుకణిక ఇచ్చినట్టు. పెట్టుకుని, వాసం మీది కాటా విప్పమన్నాడు. మామ కట్టిన కాటా. విప్పారు. తూచారు. జీపులో వేసుకున్నారు. దిమ్మలు పోయినందుకు కాదు ఆమెకు ఆరోజు కడుపు రగిలింది.

చెంగమ్మ ఒప్పుకుంది. పోయిన నెల, ఇలాంటి కేసే, ఇదే కోర్టులో, ఇదే బోను. తల ఊపింది అంతే, నోరు కూడా తెరవలేదంట. ఇంటికి పొమ్మన్నారు. పోయింది. ఆ మరసటి రోజు నుంచీ సారా చెంగమ్మ అయింది. రేషను షాపు దగ్గర, పాల కేంద్రం దగ్గర, సారా చెంగమ్మ. ఎవరిని? సారా కొట్టు గుంజను భుజంతో గుద్ది పడేసిన చెంగమ్మను! ఇప్పటికీ చలికాలం ఆ భుజం ఎత్తలేదు మనిషి. మళ్ళీ పట్టుకుంటే ఒకసారి ఒప్పుకున్నదానివే గదా అంటారని, పెనం బోర్లించేసి చెరకు ఫ్యాక్టరీకి తోలుతోంది. ఒప్పుకున్నవాళ్ళలో పొడి కలపడం మొదలుపెట్టినవాళ్ళున్నారు, పొయ్యి ఆర్పేసినవాళ్ళున్నారు, నల్లబెల్లం వండినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. గుణశేఖర్ చెప్పని మాట ఇది. తల ఊపడమంటే ఒక మధ్యాహ్నం పని కాదు, పెనం బోర్లించడం. కుప్పయ్య పెనం, మామ కాటా, అత్త బెండజిగురు, ఒక్క తల ఊపుతో. గ్లాసులో అడుగున ఇంకా రెండు గుక్కలు మిగిలాయి. ఆమె దాన్ని ఫ్యాను కింది వెలుతురుకు ఎత్తి చూసింది. అంచుల్లో మాత్రం ఎరుపు. నలుపు అనుకున్నది నలుపు కాదు, ముదిరిన ఎరుపు. ఆమె బెల్లం కూడా అంతే, పలచగా చెక్కి ఎండకు పడితే దానిమ్మ గింజలా మెరుస్తుంది. ఎండకు పట్టి చూస్తేగా!

తెర జరిగింది. గుణశేఖర్. నల్లకోటు చేతి మీద, చెమట మొహం, మొహం నిండా ఉపకారం.

"అత్తా, మాట్లాడొచ్చినా. జరిమానా కూడా తక్కవ ఏస్తారంట. నువ్వు ఊ అంటే..." అంటూ టేబులు చూశాడు. సీసా చూశాడు. గ్లాసు చూశాడు. "ఇది యెవురు తాగినారు?"

"నేనే. కూసో."

"నువ్వా? యేం మనిషివత్తా! ఇంగ కొంచేపట్లో బోనెక్కాల. సారా కేసులో తాగిపోతే యేమనుకుంటారు?"

"పచ్చి మంచినీళ్ళు తాగిపోయిన చెంగమ్మనేమనుకున్నారో అదే అనుకుంటారు."

గుణశేఖర్ తలపట్టుకున్నాడు. రాజారత్నాన్ని కేకేసి సోంపు తెప్పించాడు, చిన్న ప్లేటులో, చక్కెర బిళ్ళలు కలిపి. నోట్లో వేసుకో అత్తా, వాసన తెలవకుండా ఉంటాది, నీ కాళ్ళకు మొక్కుతా అన్నాడు. వసంతమ్మ ఆ సోంపు వైపు చూసింది. ఆకుపచ్చవి, ఎర్రవి, తెల్లవి, రంగు పూసిన గింజలు. మొదట ప్లేటు పక్కకు జరిపింది. తరవాత కొంగుముడి విప్పింది. అందులో రేగుపండంత ముక్క, వాళ్ళు తీసుకుపోగా పెనం అంచుకు మిగిలి గోకిన బెల్లం. మూడు చేసింది. ఒకటి రాజారత్నం చేతిలో పెట్టింది. ఒకటి గుణశేఖర్ ముందు. ఒకటి తన నోట్లో. దాని మీద, కరగనిచ్చి, చివరి రెండు గుక్కలు. నలుపులో నలుపు కలిసింది. చేదు లేచి తీపిని ఎత్తుకుంది, తీపి కిందికి దిగి చేదును మోసింది, నోరంతా గానుగ పాక అయింది, పొగ, పిప్పి మంట, ఆవిరి, అవతల నుంచి కేక. రాజారత్నం కళ్ళు మూసుకుని చప్పరిస్తూ, అయ్యయ్యో, నల్లా ఉండాదే ఇది! అన్నాడు, బాగుందన్న మాట ఆయన నోట ఇంటి అరవంలోనే వచ్చింది. ఆ మిగిలిన సీసాలు గోడ వైపు తిప్పి పెట్టొద్దు నాయనా, ముందుకు పెట్టు, అంది వసంతమ్మ లేస్తూ. గుణశేఖర్ ముక్క అలాగే ఉంది టేబులు మీద. తలుపు దాకా పోయి, వెనక్కు వచ్చి, జేబులో వేసుకున్నాడు. అదీ కొంత నయమే.

రోడ్డు దాటితే కోర్టు. ఎండ నెత్తి మీద కొట్టింది, కాళ్ళు తడబడలేదు, ఎందుకు తడబడతాయి, బరువుగా నేలకు ఆనుతున్నాయి. వరండాలో బంట్రోతు పేరు రెండుసార్లు పిలిచాడు. బోను చెక్క నున్నగా ఉంది, ఎంతమంది చేతులు పడి నున్నబడిందో. గుణశేఖర్ కిందనుంచి, ఒక్క మాటే అత్తా అన్నట్టు వేలు చూపించాడు. పక్కన కాగితాలు అందించే గుమాస్తా ముక్కు ఎగబీల్చాడు, ఆగాడు, మళ్ళీ ఎగబీల్చాడు.

"ఏమ్మా, తాగొచ్చినావా?"

హాలంతా ఒక్కసారి ఇటు తిరిగింది. బెంచీ మీది పెద్దాయన కళ్ళద్దాలు తీసి, ఆమెను చూసి, గుమాస్తాను ఊరుకోమని, ఫైలు మూయకుండానే అడిగాడు. నీ మీద కేసు ఇదీ. నేరం ఒప్పుకుంటావా?

నాలుక వెనక ఇంకా ఆ రుచి ఉంది, దిగకుండా కూర్చుని. వసంతమ్మ కొంగు భుజం మీద సర్దుకుంది. నురగ అణిగిపోయింది.

"తాగినాను సామీ. ఈ కోర్టు ఎదురుగ్గా, బోర్డున్న బార్లో, నల్లబీరు. శానా బాగుండాది. అది ఒప్పుకుంటాను. బెల్లం సంగతి ఒప్పుకోను. దాన్ని మీవాళ్ళు రుచి సూడకుండానే తూకం ఏసినారు."